తిండి ప్రజలది, సన్నదు సర్కారుది: స్వాతంత్ర్యోద్యమంలో లాయర్ల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లలకు జార్జిటౌను చూపించాలని నెలకోసారి ఆదివారం పొద్దున్నే కొంతమందిమి కలిసి నడుస్తుంటాం. పారీస్ కార్నర్ దగ్గర మొదలుపెట్టి, హైకోర్టు ప్రహరీ పక్కగా వెళ్లి, తంబుచెట్టి వీధి మీదుగా ప్రకాశం సాలైకి చేరేసరికి రెండు గంటలు. దారిలో ఎవరో ఒకరు ఫిల్టరు కాఫీకి ఆగుతారు, ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి. మా తాత ఈ వీధుల్లోనే ఒక ప్లీడరుగారి దగ్గర గుమాస్తా. అందుకని జవాబులు చెప్పే పని నా నెత్తిన పడింది. అడిగినవే మళ్లీ మళ్లీ అడుగుతున్నారని ఇలా రాసి పెడుతున్నాను.

మన నాయకుల్లో ఇంతమంది లాయర్లే ఎందుకు?

గాంధీ, నెహ్రూ, పటేల్, రాజేంద్రప్రసాద్, జిన్నా, చిత్తరంజన్ దాస్, రాజాజీ, మన ప్రకాశం పంతులు... పేర్లు చదువుతుంటే బార్ అసోసియేషన్ హాజరుపట్టీలా ఉంటుంది. 1892 నుంచి 1909 దాకా కాంగ్రెస్ సభలకు వెళ్లిన ప్రతినిధుల్లో దాదాపు 40 శాతం మంది న్యాయవాద వృత్తి వాళ్లే.

బళ్లో చెప్పే జవాబు మనకు తెలిసిందే: ఇంగ్లీషు వచ్చు, చట్టం తెలుసు, నలుగురిలో లేచి మాట్లాడగలరు. ఇది సగం జవాబే. ఇంగ్లీషు డిప్యూటీ కలెక్టరుకూ వచ్చు. మాట్లాడటం కాలేజీ మేష్టరుకు ఇంకా బాగా వచ్చు. మరి వాళ్లు ఎందుకు ముందుకు రాలేదు? ఒకటో తారీఖున వచ్చే జీతం. అది సర్కారు ఇచ్చేది, లేదా సర్కారు గ్రాంటుతో నడిచే కాలేజీ ఇచ్చేది. ప్లీడరుకు అన్నం పెట్టేది మాత్రం కక్షిదారు. కలెక్టరుకు కోపమొచ్చినంత మాత్రాన గుంటూరులో రైతు తన పొలం దావా మానుకోడు కదా. పైగా ప్లీడరు సెలవు చీటీ ఎవరికీ రాయక్కర్లేదు, వాయిదా అడిగితే చాలు. ఇంగ్లీషు చదువు చదివి కూడా దొర జీతం మీద బతకని వాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారో వెతికితే కొద్దిమంది వ్యాపారులు, కొద్దిమంది డాక్టర్లు, మిగతా అంతా వకీళ్లే.

కానీ వకీలుకూ ఒక ముడి ఉంది. వకీలుగా పనిచెయ్యడానికి సన్నదు, అంటే అనుమతి పత్రం, కావాలి. ఇచ్చేదీ లాక్కునేదీ కోర్టు. తిండి ప్రజలది, సన్నదు సర్కారుది. కింద వచ్చే కథలన్నీ ఈ రెండింటి మధ్య లాగులాటే.

వకీలు, ప్లీడరు, బారిస్టరు, అడ్వొకేటు అందరూ ఒకటి కాదా?

ఇప్పుడు ఒకటే. అప్పుడు వేరు వేరు మెట్లు. అట్టడుగున సెకండ్ గ్రేడ్ ప్లీడరు: చిన్న పరీక్ష పాసై కింది కోర్టుల్లో వాదించుకునేవాడు. ఆ పైన ఫస్ట్ గ్రేడ్. బి.ఎల్. చదివి హైకోర్టులో నమోదైతే హైకోర్టు వకీలు. లండన్ వెళ్లి అక్కడి ఇన్నుల్లో ఒకదానిలో చేరి, నియమం ప్రకారం విందులు తిని, పరీక్షలు రాసి వస్తే బారిస్టరు.

కలకత్తా, బొంబాయి హైకోర్టుల్లో ఒరిజినల్ సైడు, అంటే నగరంలోని పెద్ద దావాలు నేరుగా వేసే విభాగం, చాలాకాలం బారిస్టర్ల సొంత జాగీరుగా ఉండేది. మదరాసులో మాత్రం వకీళ్లకూ అక్కడ అడుగుపెట్టే వీలుండేది. ఇక్కడి వకీళ్లకు ఆ ధీమా, ఆ డబ్బు త్వరగా ఎలా వచ్చాయో దీన్ని బట్టి తెలుస్తుంది. 1961 అడ్వొకేట్ల చట్టంతో ఈ మెట్లు పోయాయి.

తెలుగువాళ్ల కథ చెప్పడానికి చెన్నై ఎందుకు?

తెలుగు జిల్లాలకు పైకోర్టు ఇదే గనక. మదరాసు హైకోర్టు 1862లో మొదలైంది. 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టేదాకా విశాఖ నుంచి చిత్తూరు దాకా ఏ అప్పీలైనా ఇక్కడికే. కక్షిదారులు వస్తే వాళ్ల వెనకే వకీళ్లు, వకీళ్ల వెనకే గుమాస్తాలు, వాళ్లకు భోజనం పెట్టే హోటళ్లు. లా కాలేజీ ఇక్కడే, విశ్వవిద్యాలయం ఇక్కడే, అచ్చాఫీసులూ ఇక్కడే. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఆంధ్రపత్రిక కార్యాలయం తంబుచెట్టి వీధిలోనే ఉండేది. హైకోర్టు గేటు దాటి నాలుగడుగులు వేస్తే పత్రికాఫీసు. వాదనకూ వార్తకూ మధ్య దూరం అంతే.

హిందూ పత్రిక ఒక జడ్జిగారి వల్ల పుట్టిందంటారు, నిజమేనా?

నిజమే. 1878లో టి. ముత్తుస్వామి అయ్యర్‌ను మదరాసు హైకోర్టు జడ్జిగా వేశారు. ఆ కుర్చీలో కూర్చున్న తొలి భారతీయుడు ఆయన. ఇంగ్లీషువాళ్ల పత్రికలకు అది మింగుడు పడలేదు, ఎద్దేవా చేస్తూ రాశాయి. బదులివ్వడానికి మనవాళ్ల చేతిలో పత్రిక లేదు. ఆరుగురు కుర్రవాళ్లు, ఇద్దరు మేష్టర్లూ నలుగురు లా విద్యార్థులూ, ఒక రూపాయి పన్నెండణాలు అప్పు తెచ్చి 80 ప్రతులు అచ్చేశారు. అది సెప్టెంబరు 20. ఆ లా విద్యార్థుల్లో ఒకరు న్యాపతి సుబ్బారావు పంతులు. తర్వాత రాజమండ్రిలో పెద్ద వకీలు అయ్యారు. 1905లో ఆ పత్రికను కొన్న కస్తూరి రంగ అయ్యంగారూ వకీలే.

ముత్తుస్వామి అయ్యర్ విగ్రహం హైకోర్టులో ఉంది. వీధిదీపాల కింద చదువుకున్నారని చెప్పే కథల్లో ఇది పాతది. అది చెప్పగానే మా నడకలో అమ్మలందరూ పిల్లల వైపు తిరిగి చూస్తారు.

మొదటి తరం వకీళ్లు అర్జీలు పెట్టడం తప్ప ఏం చేశారు?

ఈ ప్రశ్న కాస్త వెటకారంగానే వస్తుంటుంది. "దొరవారి దివ్యసముఖమునకు" అని మొదలయ్యే మహజర్లు చూస్తే నాకూ నవ్వొస్తుంది. కానీ అర్జీ రాయాలంటే ముందు లెక్కలు సేకరించాలి, సంతకాలు పెట్టించాలి, జిల్లా జిల్లాకు ఉత్తరాలు రాయాలి. సంఘం కట్టడం అలాగే నేర్చుకున్నారు.

ఈ పని మొదలుపెట్టింది నిజానికి వకీలు కాదు, ఒక తెలుగు వర్తకుడు. గాజుల లక్ష్మీనరసు చెట్టి 1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించారు. శిస్తు వసూలు కోసం రైతులను చిత్రహింసలు పెడుతున్నారని గోలచేసి, దాని మీద ప్రభుత్వం విచారణ సంఘం వేసేదాకా వదల్లేదు. ఆయన వర్తకుడు గనకనే అంత ధైర్యం చేశారని నా అనుమానం. మొదటి జవాబులో చెప్పిన సూత్రమే ఇదీ.

1884లో మదరాసు మహాజన సభ వచ్చింది. అధ్యక్షుడు వకీలు పి. రంగయ్యనాయుడు, కార్యదర్శి వకీలు పనప్పాకం ఆనందాచార్యులు. చిత్తూరు దగ్గర కట్టమంచిలో పుట్టిన ఈయన 1885 తొలి కాంగ్రెస్ సభకు వెళ్లిన 72 మందిలో ఒకరు. 1891లో నాగపూరు కాంగ్రెస్‌కు అధ్యక్షులు. మూడో కాంగ్రెస్ 1887లో ఇక్కడే, థౌజండ్ లైట్స్‌లోని మక్కీస్ గార్డెన్స్‌లో జరిగింది. అధ్యక్షత వహించిన బద్రుద్దీన్ త్యాబ్జీ కూడా బారిస్టరే.

ఇంకొక సంగతి చాలామందికి తట్టదు. 1906 అక్టోబరులో ఆర్బత్‌నాట్ అనే ఇంగ్లీషు బ్యాంకు మునిగింది. విధవలు, పింఛనుదారులు, దేవాలయాలు దాచుకున్న డబ్బు అందులో పోయింది. వకీలు వి. కృష్ణస్వామి అయ్యర్ ఆ దివాలా వ్యవహారం పట్టుకుని పోరాడారు. అంతటితో ఆగక, మన డబ్బు మన చేతిలోనే ఉండాలని చెట్టియార్లను కూడగట్టారు. 1907లో ఇండియన్ బ్యాంకు మొదలైంది. ఇదీ స్వాతంత్ర్యోద్యమమే అంటాను నేను. ఒప్పుకోని వాళ్లు కాఫీ డబ్బులు వాళ్లే ఇచ్చుకోవచ్చు.

ఇంగ్లీషు లాయర్లు ఒక్కరైనా మన పక్షాన నిలబడ్డారా?

నిలబడ్డారు, మళ్లీ పక్షం మార్చారు కూడా. మదరాసు బారిస్టరు ఎర్‌డ్లీ నార్టన్ సంగతి చూడండి. 1887 కాంగ్రెస్ సభలో చేరినందుకు ఆయనను ముసుగు వేసుకున్న రాజద్రోహి అన్నారు. సభలోనే లేచి, అన్యాయాన్ని ఎదిరించడం రాజద్రోహమైతే నేను రాజద్రోహినే అని అర్థం వచ్చేలా మాట్లాడాడు, చప్పట్లు మారుమోగాయి. ఇరవయ్యేళ్ల తర్వాత, 1908లో, అలీపూరు బాంబు కేసులో అరవిందుల మీద సర్కారు తరపున వాదించింది ఈ నార్టనే. ఎదురుగా నిలబడ్డది చిత్తరంజన్ దాస్. అరవిందులు విడుదలయ్యారు.

నార్టన్‌ను తిట్టడం తేలిక. బారిస్టరు ఎవరు ఫీజు ఇస్తే వాళ్ల తరపున వాదిస్తాడు, అది ఆ వృత్తి ధర్మం. అయినా పాత చప్పట్లు ఆయన చెవుల్లో ఎప్పుడైనా మోగాయో లేదో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

రాజద్రోహం సెక్షను అంటే ఏమిటి? మన దక్షిణాదిలో ఎవరి మీద పెట్టారు?

ఇండియన్ పీనల్ కోడ్‌లో 124ఏ. 1870లో చేర్చారు. ప్రభుత్వం మీద అసంతృప్తి రెచ్చగొడితే అప్పట్లో నేరం. అసంతృప్తి అంటే ఎంత? జడ్జి అనుకున్నంత. తిలక్ మీద 1897లో ఒకసారి, 1908లో ఒకసారి పెట్టారు. రెండోసారి ఆరేళ్లు మాండలే జైలు.

అదే 1908లో మన తెలుగునాట గాడిచర్ల హరిసర్వోత్తమరావును స్వరాజ్య పత్రికలో రాసిన దానికి పట్టుకెళ్లారు. మూడేళ్ల శిక్ష. ఆయన లాయరు కాదు, కలం మనిషి.

తూత్తుకుడి ప్లీడరు వి.ఓ. చిదంబరం పిళ్లై కథ మాత్రం ఈ పేజీకి గుండెకాయ. ఇంగ్లీషు ఓడల కంపెనీకి పోటీగా 1906లో స్వదేశీ ఓడల కంపెనీ పెట్టారు. 1908లో కార్మికుల సమ్మె, ఊరేగింపు, అరెస్టు. సెషన్స్ జడ్జి పిన్హే రెండు నేరాలకు కలిపి యావజ్జీవ ద్వీపాంతరవాసం వేశాడు. హైకోర్టులో అప్పీలు వేస్తే శిక్ష తగ్గింది. జైల్లో ఎద్దుకు బదులు ఆయన చేత గానుగ లాగించారు. 1912 డిసెంబరులో బయటికొచ్చేసరికి కంపెనీ లేదు, ఓడలు లేవు, సన్నదూ లేదు.

కోర్టులో నిలబడే హక్కు పోయిన ప్లీడరు ఏం చేస్తాడు? చెన్నై వచ్చి చిన్నచిన్న వ్యాపారాలు చేశారు, కిరాణా కొట్టు పెట్టారు. నిలబడలేదు. ఏళ్లు గడిచాక వాలెస్ అనే ఇంగ్లీషు జడ్జి పూనుకుని సన్నదు తిరిగి ఇప్పించాడు. ఆ కృతజ్ఞతతో పిళ్లైగారు తన కొడుక్కి వాలేశ్వరన్ అని పేరు పెట్టుకున్నారు. ఇంగ్లీషు ప్రభుత్వాన్ని గడగడలాడించిన మనిషి ఇంగ్లీషువాడి పేరు కొడుక్కి పెట్టడమేమిటని ఒకాయన నాతో చాలాసేపు వాదించారు. నేనేం చెప్పలేదు. సన్నదు విలువ ఎంతో ఆ పేరు చూస్తే తెలుస్తుంది.

ప్రకాశం పంతులు గుండె చూపించింది ఎక్కడ?

ఏడో తరగతి పిల్లాడు మొన్న "తాతా, ఇక్కడేనా? సరిగ్గా ఇక్కడేనా?" అని కాలితో నేల మీద తట్టి మరీ అడిగాడు. హైకోర్టు దగ్గరే, పారీస్ కార్నర్ ప్రాంతంలోనే. కాలు పెట్టిన చోటే అని నేను ప్రమాణం చెయ్యలేను.

తేదీ 1928 ఫిబ్రవరి 3. సైమన్ కమిషన్ బొంబాయిలో దిగిన రోజు, దేశమంతా హర్తాళ్. ఆ కమిషన్‌కు పెద్ద సర్ జాన్ సైమన్ కూడా బారిస్టరే. భారతదేశానికి ఏం కావాలో తేల్చడానికి వచ్చిన ఏడుగురిలో ఒక్క భారతీయుడూ లేడు. ఇక్కడ జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. ఒకరు చనిపోయారు. శవాన్ని చూడటానికి ప్రకాశం ముందుకు నడిచారు. అడ్డుకున్న పోలీసు తుపాకీ ఎక్కుపెట్టాడు. పంతులు చొక్కా తెరిచి ఛాతీ చూపించి కాల్చమన్నారు. అప్పటికి ఆయనకు 55 ఏళ్లు. దారి వదిలారు.

ఆంధ్రకేసరి అన్న బిరుదు అందరికీ తెలుసు. ఆ గుండె అక్కడిదాకా వచ్చిన దారి మాత్రం చాలామందికి తెలియదు. వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి భోజనశాల నడిపి పెంచింది. చదువు చెప్పి, వెంటబెట్టుకుని నిలబెట్టింది ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మేష్టరు. కుర్రాడికి నాటకాల పిచ్చి, స్త్రీ వేషాలు వేసేవాడు. చివరికి రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరు. డబ్బు వచ్చింది, మునిసిపల్ ఛైర్మన్ పదవి వచ్చింది. కానీ కింది మెట్టు కింది మెట్టే, పైకోర్టులో నోరు విప్పే అర్హత లేదు. ఆ గోడ దూకడానికే ముప్పై దాటాక లండన్ వెళ్లి బారిస్టరై 1907లో మదరాసు వచ్చారు.

వచ్చీ రాగానే బిపిన్ చంద్రపాల్ ఉపన్యాసాలు. పోలీసుల కన్ను పడుతుందని పెద్దమనుషులు అధ్యక్షత వహించడానికి జంకితే ఈ కొత్త బారిస్టరు వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. 1911లో మణియాచ్చి స్టేషనులో కలెక్టరు ఆష్‌ను వాంచినాథన్ కాల్చి చంపి, తానూ కాల్చుకున్నాడు. కుట్ర కేసులో 14 మందిని మదరాసు హైకోర్టులో నిలబెట్టారు. ముద్దాయిల తరపున వాదించినవాళ్లలో ప్రకాశం ఒకరు. కలెక్టరును చంపిన కేసులో ముద్దాయిల వైపు నిలబడటమంటే దొరల క్లబ్బుల్లో పేరు కొట్టేయించుకోవడమే.

ప్రాక్టీసు వానలా కురిసింది. ఆస్తులు కొన్నారు. 1921లో అన్నీ వదిలేసి స్వరాజ్య దినపత్రిక (పైన చెప్పిన గాడిచర్ల పత్రిక వేరు) పెట్టి, సంపాదించిందంతా అందులో పోశారు. పత్రిక నిలవలేదు, ఆస్తీ నిలవలేదు. 1946లో మదరాసు రాష్ట్ర ప్రధాని అయ్యారు, 1953లో ఆంధ్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు, 1957లో చేతిలో ఏమీ లేకుండానే పోయారు. బ్రాడ్‌వేకి ఆయన పేరు పెట్టారు, ప్రకాశం సాలై. బస్సు కండక్టర్లు ఇప్పటికీ బ్రాడ్‌వే అనే అరుస్తారు.

1920లో వకీళ్లంతా కోర్టులు వదిలేశారా?

లేదు. ఎక్కువమంది వదల్లేదు. సెప్టెంబరులో కలకత్తా ప్రత్యేక సభ, డిసెంబరులో నాగపూరు సభ కోర్టుల బహిష్కారం అన్నాయి. మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్ లాంటి లక్షలార్జించేవాళ్లు వదిలారని పెద్ద వార్త. చిన్న ప్లీడర్ల సంగతి వేరు. ఇంట్లో ఐదుగురు పిల్లలు, అద్దె కట్టాలి. వాళ్లను నేను తప్పుపట్టలేను.

మన జిల్లాల్లో వదిలినవాళ్ల పట్టీ గట్టిదే: గుంటూరులో కొండా వెంకటప్పయ్య, బారిస్టరు ఉన్నవ లక్ష్మీనారాయణ, బెజవాడలో అయ్యదేవర కాళేశ్వరరావు, కాకినాడలో బులుసు సాంబమూర్తి. సాంబమూర్తిగారి దగ్గర ఒక్క క్షణం ఆగాలి. మంచి క్రిమినల్ లాయరు. అన్నీ వదిలి అంగవస్త్రంతో తిరిగారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ ఏర్పాట్లు తలకెత్తుకున్న రోజుల్లో ఒక్కగానొక్క కొడుకు చనిపోయాడు. దుఃఖం దిగమింగి పనిలోకి వచ్చారు. 1937లో మదరాసు శాసనసభకు స్పీకరయ్యారు.

కోర్టుకు బదులు పంచాయితీలు పెట్టి తగాదాలు తీర్చాలని కూడా ఉద్యమం చెప్పింది. కొన్నిచోట్ల జరిగింది, ఎక్కువకాలం నిలవలేదు. పంచాయితీ తీర్పు చెప్పగలదు గానీ, అమీనాను పంపి జప్తు చేయించలేదు కదా.

వదలనివాళ్లు ద్రోహులా మరి?

కాదు. ఈ మాట మీద మా గుంపులో గొడవలయ్యాయి. అయినా చెబుతాను. అందరూ కోర్టు వదిలేస్తే ఆష్ కేసులాంటివి వాదించేదెవరు? పట్టుబడ్డ కుర్రాడి తల్లికి ఉరికంబానికీ కొడుక్కీ మధ్య నిలబడే మనిషి కావాలి, ఆ మనిషికి సన్నదు ఉండాలి.

1945 నవంబరులో ఎర్రకోటలో ఆజాద్ హింద్ ఫౌజ్ అధికారులు షా నవాజ్ ఖాన్, సెహగల్, ధిల్లాన్‌ల విచారణ. అసలు వాదన నడిపింది భూలాభాయ్ దేశాయ్. బానిసదేశపు ప్రజలు స్వేచ్ఛ కోసం యుద్ధం చేస్తే అది నేరమా అన్న ప్రశ్నను అంతర్జాతీయ న్యాయం మీద నిలబెట్టి వాదించాడు. పాతికేళ్లుగా పెట్టెలో ఉన్న బారిస్టరు గౌను నెహ్రూ మళ్లీ తొడుక్కుని వచ్చి కూర్చున్నారు. కోర్టు శిక్ష వేసింది, సేనాధిపతి ఆ శిక్ష రద్దు చేసి వదిలేయాల్సి వచ్చింది.

ఇక అటుపక్కన మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. నెల్లూరు జిల్లా పూడూరులో అర్చకుల ఇంట పుట్టారు. 1929 నుంచి 1944 దాకా మదరాసు అడ్వొకేట్ జనరల్. ఉప్పు సత్యాగ్రహం జరుగుతుండగా ఆయన సర్కారు పెద్ద వకీలు, 1932లో సర్ బిరుదు కూడా వచ్చింది. అదే మనిషి తర్వాత రాజ్యాంగ ముసాయిదా సంఘం ఏడుగురిలో ఒకరు. ప్రకాశం పంతులు జైల్లో ఉన్న రోజుల్లో ఈయన చదివిన చట్టమే తర్వాత అక్కరకొచ్చింది. దీన్ని ఏ లెక్కలో వెయ్యాలో మీరే చూసుకోండి. నేనైతే ఇద్దరికీ దండం పెడతాను, పంతులుకు కాస్త ఎక్కువ.

జడ్జి కుర్చీ దాకా వెళ్లినవాళ్లు ఎవరైనా తిరగబడ్డారా?

ఇద్దరు, ఇద్దరూ మదరాసు హైకోర్టు వాళ్లే. ఎస్. సుబ్రహ్మణ్య అయ్యర్ జడ్జిగా రిటైరయ్యాక హోమ్‌రూల్ ఉద్యమంలో చేరి, 1917లో అమెరికా అధ్యక్షుడు విల్సన్‌కు ఉత్తరం రాశారు. ఇంగ్లండులో మండిపడితే బిరుదులు తిరిగిచ్చేశారు. సి. శంకరన్ నాయర్ వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడిగా ఉండి పంజాబు అత్యాచారాలకు నిరసనగా 1919లో రాజీనామా చేశారు. తర్వాత పుస్తకంలో అప్పటి పంజాబు లెఫ్టినెంట్ గవర్నరు ఓడ్వయర్‌ను వేలెత్తి చూపితే అతను లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. 1924లో జ్యూరీ 11-1తో నాయర్‌కు వ్యతిరేకంగా తేల్చింది. 500 పౌన్లు, పైన ఖర్చులు. క్షమాపణ చెప్పమంటే చెప్పలేదు, డబ్బే కట్టారు.

గాంధీగారే లాయరు, మరి లాయర్లను ఎందుకంత తిట్టారు?

తెలిసినవాడు గనక తిట్టాడు. 1909లో రాసిన హింద్ స్వరాజ్‌లో, దేశాన్ని బానిసగా చేసింది వకీళ్లే, తగాదాలు పెంచిందీ వాళ్లే, ఇంగ్లీషువాడి పెత్తనం బిగించిందీ వాళ్లే అన్నాడు. మన పల్లెల్లో అంతకన్నా పొట్టిగా చెప్పారు: ఓడినవాడు కోర్టులో ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని. ఎకరం కోసం ఐదెకరాలు అమ్మిన కథలు ప్రతి ఊళ్లో ఉంటాయి. మా తాత కూడా రాత్రి భోజనాల దగ్గర చెప్పేవాడు, ఆ ఐదెకరాల్లో తన జీతమూ ఉందని.

అయితే గాంధీ చేతిలో లాయరు పని ఎన్నడూ మానలేదు. దక్షిణాఫ్రికాలో బాలసుందరం అనే కూలీ దెబ్బలు తిని నెత్తురోడుతూ ఆయన దగ్గరికొచ్చాడు. మదరాసు రేవు నుంచి ఒప్పందపు కూలీలుగా అక్కడి నేటాలు ప్రాంతానికి వెళ్లినవాళ్లలో అరవలతోపాటు మన తెలుగువాళ్లూ వేలమంది. 1896లో ఇక్కడి పచ్చయ్యప్ప హాలులో గాంధీ వాళ్ల గోడు చెప్పారు. 1917లో చంపారన్‌లో తోడొచ్చిన వకీళ్ల చేత కేసులు వాదించలేదు, రైతుల వాఙ్మూలాలు వేల కొద్దీ రాయించారు. రౌలట్ చట్టానికి హర్తాళ్ చేద్దామన్న ఆలోచన కూడా 1919 మార్చిలో చెన్నైలోనే, కెథీడ్రల్ రోడ్డులో రాజాజీ అద్దె ఇంట్లో, తెల్లవారుజామున నిద్రకూ మెలకువకూ మధ్య తట్టిందని ఆయనే చెప్పుకున్నారు. ఇప్పుడు ఆ చోట హోటలుంది.

లండన్ ఇన్నర్ టెంపుల్ 1922లో ఆయన పేరు కొట్టేసింది. మళ్లీ చేర్చింది 1988లో.

ఇదంతా ఒక్క కులం వ్యవహారమని జస్టిస్ పార్టీవాళ్లు (మదరాసు బ్రాహ్మణేతరుల పార్టీ) అన్నది తప్పా?

తప్పు కాదు. ఈ పేజీలో వకీళ్ల పేర్లు మళ్లీ చదవండి, ఎక్కువభాగం బ్రాహ్మణులే. చదువు ఎవరికి ముందు అందిందో వాళ్లే ముందు వకీళ్లయ్యారు. 1916 డిసెంబరులో పిట్టి త్యాగరాయచెట్టి విడుదల చేసిన బ్రాహ్మణేతర ప్రకటన సరిగ్గా దీన్నే ఎత్తి చూపింది. స్వరాజ్యం వస్తే పెత్తనం ఎవరికని అడిగింది. త్యాగరాయచెట్టి తెలుగువారు, ఆ పార్టీలో మరో పెద్ద నాయకుడు పానగల్ రాజా తెలుగువారు. టీనగర్లో చీరలు కొనేవాళ్లు ఈ ఇద్దరి పేర్ల మీదుగానే నడుస్తుంటారు. త్యాగరాయనగర్, పానగల్ పార్కు.

వాళ్ల ప్రశ్నకు కాంగ్రెస్ వకీళ్లు చాలాకాలం సూటిగా జవాబు చెప్పలేదు. చట్టం పుస్తకాన్నే ఆయుధంగా పట్టుకుని ఆ ప్రశ్నను దేశం ముందు నిలబెట్టినవాడు మరొక బారిస్టరు, అంబేడ్కర్.

ఆడవాళ్లు లేరా?

1923లో చట్టం వచ్చేదాకా వృత్తిలోకి దాదాపు రానివ్వలేదు. అందుకే దుర్గాబాయి దారి తలకిందులుగా సాగింది. మగవాళ్లు లాయర్లై ఉద్యమంలోకి వచ్చారు, ఆమె ఉద్యమం నుంచి లా చదువుకు వెళ్లింది. 1923 కాకినాడలో 14 ఏళ్ల వాలంటీరుగా, టికెట్టు లేదని నెహ్రూనే ప్రదర్శన గేటు దగ్గర ఆపింది. 1930లో మదరాసు ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్లింది. జైల్లో చదువురాని ఆడఖైదీలు చేయని నేరాలు నెత్తినేసుకోవడం చూసి లా చదవాలనుకుంది. బయటికొచ్చాక మెట్రిక్ నుంచి మొదలుపెట్టి, మధ్యలో 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, 1942కి లా పూర్తిచేసి ఇదే హైకోర్టులో నల్లగౌను వేసుకుంది. తర్వాత రాజ్యాంగ సభ.

మా నడకలో ఆడపిల్లలు ఎక్కువసేపు ఆగేది ఈ కథ దగ్గరే.

ఇవన్నీ చూడాలంటే ఎప్పుడు రావాలి?

ఆదివారం పొద్దున్న, ఏడు లోపు. కోర్టు ఆవరణలోకి ఊరికే వెళ్లనివ్వరు, గేటు దగ్గర తనిఖీలుంటాయి. బయటినుంచి చూసినా చాలు. ఎర్ర గోపురాలు 1892 నాటివి. అన్నిటికన్నా పెద్ద గోపురం మీద 1894 నుంచి దీపస్తంభం ఉండేది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ ఓడ ఎమ్డెన్ వేసిన గుండు ప్రహరీకి తగిలిన చోట రాతిపలక ఉంది.

ఒక్కటి చూసుకుని రండి. ఏడాదిలో ఒకరోజు హైకోర్టు గేట్లన్నీ మూసేస్తారు, మామూలుగా నవంబరులో. లోపలి బాటల మీద జనం ఏళ్ల తరబడి నడిచి నడిచి, రేపు ఎవరైనా ఇది మా దారి అని దావా వేస్తారేమోనని ముందుజాగ్రత్త. ఒకసారి తెలియక ఆ రోజే ముప్పైమందిని తీసుకెళ్లాను. మూసిన గేటు ముందు నిలబడి అరగంట కథలు చెప్పాను. కాఫీ డబ్బులు ఆ రోజు నేనే ఇచ్చాను.